పేదల పార్టీలోనే వివక్షా? లండన్ లేబర్ పార్టీ నుంచి అరకు మన్యం దాకా ఎర్రజెండాను వెంటాడుతున్న ప్రశ్న

వామపక్షం అంటే అణగారినవాళ్ల పక్షం. ఆ పార్టీల నేతలే కాదు, ప్రత్యర్థులు కూడా చాలావరకు ఒప్పుకునే మాట ఇది. మరి అదే పార్టీలో "మమ్మల్ని తక్కువగా చూస్తున్నారు" అని లోపలివాళ్లే ఫిర్యాదు చేస్తే? ఆ ఫిర్యాదును ఎవరు వింటారు? వింటారా, లేక "ఇది శత్రువుల కుట్ర" అని పక్కన పడేస్తారా?

బ్రిటన్‌లో లేబర్ పార్టీకి ఈ ప్రశ్న యూదుల వైపు నుంచి వచ్చింది. జెరెమీ కోర్బిన్ నాయకుడిగా ఉన్న నాలుగున్నరేళ్లూ ఆ పార్టీని అది కుదిపేసింది. మన దగ్గర అరకు, పాడేరు, చింతపల్లి, పార్వతీపురం కొండల్లో ఇదే ప్రశ్న ఆదివాసీల వైపు నుంచి, కింద మైదానంలో దళితుల వైపు నుంచి వచ్చింది. అక్కడి కథ చాలామంది టీవీల్లో చూశారు. ఇక్కడి కథ మాత్రం ముక్కలు ముక్కలుగానే బయటికొచ్చింది.

రెండూ ఒకటే అనడానికి లేదు. యూదు ద్వేషానికి యూరప్‌లో వందల ఏళ్ల చరిత్ర, హిట్లర్ కాలపు మారణహోమం నేపథ్యం ఉన్నాయి. కులం, తెగ వివక్షకు వేరే చరిత్ర ఉంది. పోలిక ఒక్క చోటే కుదురుతుంది. సమానత్వం కోసం పుట్టిన పార్టీ తన లోపలి ఫిర్యాదును ఎలా చూస్తుందన్న దగ్గర.

అసలు బ్రిటన్‌లో ఏం జరిగింది?

2015 సెప్టెంబర్‌లో జెరెమీ కోర్బిన్ లేబర్ పార్టీ నాయకుడయ్యారు. దశాబ్దాలుగా పాలస్తీనాకు మద్దతుగా మాట్లాడిన నేత, పార్టీలో ఎడమ వైపు వర్గానికి హీరో. ఆయన రాకతో లక్షల మంది కొత్తగా పార్టీలో చేరారు. కొద్ది నెలలకే ఆరోపణలు మొదలయ్యాయి. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించే పేరుతో కొందరు సభ్యులు యూదులందరినీ తిడుతున్నారని, ఫిర్యాదు చేస్తే పార్టీ ఆఫీసు కదలడం లేదని యూదు సభ్యులు చెప్పారు.

2016 ఏప్రిల్‌లో బ్రాడ్‌ఫర్డ్ వెస్ట్ ఎంపీ నాజ్ షా పాత ఫేస్‌బుక్ పోస్టులు బయటపడ్డాయి. ఆమె తప్పు ఒప్పుకుని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆమెను వెనకేసుకొచ్చిన లండన్ మాజీ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ మాత్రం హిట్లర్‌ను, యూదు జాతీయవాదాన్ని ముడిపెట్టి మాట్లాడి సస్పెండ్ అయ్యారు. రెండేళ్ల తర్వాత పార్టీకి రాజీనామా చేశారు. అదే 2016 జూన్‌లో షమీ చక్రవర్తి విచారణ రిపోర్ట్ వచ్చింది. పార్టీ అంతా యూదు ద్వేషం నిండిపోలేదు కానీ, అప్పుడప్పుడు వాతావరణం విషపూరితంగా మారుతోందని ఆ రిపోర్ట్ సారాంశం. కొన్ని వారాలకే చక్రవర్తి లేబర్ తరఫున ఎగువ సభకు వెళ్లారు. దాంతో ఆ రిపోర్ట్ మీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోయింది.

2018 మార్చిలో యూదు సంఘాలు పార్లమెంటు ఎదుట "ఇక చాలు" అంటూ ధర్నాకు దిగాయి. యూదు ద్వేషం అంటే ఏమిటో చెప్పే అంతర్జాతీయ నిర్వచనాన్ని పూర్తిగా ఒప్పుకోవాలా, కొన్ని ఉదాహరణలు తీసేయాలా అన్న దానిపై ఆ ఏడాది వేసవి అంతా గొడవే. చివరికి సెప్టెంబర్‌లో పార్టీ కార్యవర్గం పూర్తిగా ఒప్పుకుంది. 2019 ఫిబ్రవరిలో యూదు ఎంపీ లూసియానా బర్గర్ సహా ఏడుగురు ఎంపీలు పార్టీ వదిలేశారు. ఆ డిసెంబర్ ఎన్నికల్లో లేబర్‌కు దక్కినవి 202 సీట్లు. 1935 తర్వాత అంత తక్కువ రావడం అదే మొదటిసారి. ఓటమికి బ్రెగ్జిట్ సహా చాలా కారణాలున్నాయి. ఈ వివాదం అందులో ఒకటి.

ఫైళ్లు తెరిచి చూస్తే..

బ్రిటన్‌లో సమానత్వ, మానవ హక్కుల కమిషన్ అని ఒకటుంది. ఈహెచ్‌ఆర్‌సీ అంటారు. 2006 నాటి సమానత్వ చట్టం కింద రాజకీయ పార్టీని కూడా విచారించే అధికారం దానికి ఉంది. 2019 మేలో లేబర్‌పై విచారణ మొదలుపెట్టి, 70 ఫిర్యాదుల ఫైళ్లు తెప్పించుకుని చూసింది. 2020 అక్టోబర్ 29న రిపోర్ట్ ఇచ్చింది.

పార్టీ చట్టాన్ని మూడు రకాలుగా ఉల్లంఘించిందని అందులో తేల్చింది. ఫిర్యాదుల విచారణలో నాయకుడి ఆఫీసు జోక్యం చేసుకుంది. పరిశీలించిన ఫైళ్లలో అలాంటి జోక్యం 23 సార్లు కనిపించింది. విచారించే సిబ్బందికి సరైన శిక్షణ ఇవ్వలేదు. ఇక మూడోది వేధింపులు. యూదు వ్యతిరేక మూస మాటలు వాడటం ఒక్కటే కాదు, ఫిర్యాదు చేసినవాళ్లను "ఇదంతా అబద్ధం, నాయకుడి మీద బురద చల్లుతున్నారు" అనడం కూడా వేధింపు కిందికే వస్తుందని కమిషన్ చెప్పింది. మన్యం కథకు పనికొచ్చేది ఈ మూడో పాయింటే.

రిపోర్ట్ వచ్చిన రోజే కోర్బిన్ స్పందించారు. యూదు ద్వేషం పార్టీలో ఉందని ఒప్పుకుంటూనే, దాని స్థాయిని రాజకీయ కారణాలతో బాగా పెంచి చూపారన్నారు. కొన్ని గంటల్లోనే కొత్త నాయకుడు కీర్ స్టార్మర్ హయాంలోని పార్టీ ఆయన్ను సస్పెండ్ చేసింది. తర్వాత సభ్యత్వం తిరిగి ఇచ్చినా పార్లమెంటరీ పార్టీలో చోటివ్వలేదు. 2024లో ఇస్లింగ్టన్ నార్త్ నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడి, సొంత పాత పార్టీ అభ్యర్థినే ఓడించి గెలిచారాయన.

కోర్బిన్ అభిమానుల వాదన పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 2022 జులైలో వచ్చిన ఫోర్డ్ రిపోర్ట్, పార్టీలోని రెండు వర్గాలూ ఈ ఆరోపణలను ఒకరి మీద ఒకరు ఆయుధంలా వాడుకున్నాయని చెప్పింది. యూదు ద్వేషానికి ఇచ్చినంత పట్టింపు నల్లజాతివాళ్లు, ముస్లింల ఫిర్యాదులకు ఇవ్వలేదన్న భావన పార్టీలో ఉందని కూడా రాసింది. అంటే ఆరోపణ నిజమే. దాన్ని వాడుకోవడమూ నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చన్నది బ్రిటన్ మీడియా చర్చల్లో చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

(అన్నట్టు, తెలుగు నేల మీద కూడా యూదులు ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ నేపథ్యం నుంచి వచ్చి తమది యూదు వారసత్వమని చెప్పుకునే కుటుంబాలు వారివి. లండన్ వివాదంతో వాళ్లకు సంబంధం లేదు.)

మన్యంలో ఎర్రజెండా ఎలా నాటుకుంది?

తూర్పు కనుమల్లో వామపక్షం చేసిన పని చెప్పకుండా దానిపై వచ్చిన ఆరోపణలు మాత్రమే చెబితే కథ తప్పుదారి పడుతుంది.

1960ల్లో శ్రీకాకుళం ఏజెన్సీలో సవరలు, జాతాపుల భూములు షావుకార్ల చేతుల్లోకి పోతున్న రోజులు. అప్పు ఒకసారి తీసుకుంటే తరతరాల వెట్టి. అటవీ ఉత్పత్తులకు చెప్పిందే ధర. అప్పుడు గిరిజన సంఘం పెట్టి వాళ్లను కూడగట్టింది ఇద్దరు టీచర్లు.. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ గిరిజన సభకు వెళ్తున్న జనంపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాతే ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. 1970 జులైలో సత్యం, కైలాసం ఎన్‌కౌంటర్‌లో చనిపోయినట్టు పోలీసులు ప్రకటించారు.

అదే 1970లో ప్రభుత్వం 1/70 చట్టం తెచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను గట్టిగా బిగించిన సవరణ అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి అమ్మడం కుదరదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడమూ కుదరదు. ఈ రోజు అరకులో రిసార్టుల కోసం ఎకరాలకు ఎకరాలు చేతులు మారకుండా ఎంతో కొంత ఆపుతున్నది ఈ చట్టమే. శ్రీకాకుళం పోరాటం లేకపోతే అది ఆ రూపంలో వచ్చేది కాదన్నది విస్తృతంగా ఉన్న అభిప్రాయం.

ఎన్నికల రాజకీయాల్లోనూ కమ్యూనిస్టులు గిరిజన నేతలను తయారు చేశారు. చింతపల్లి నుంచి గొడ్డేటి దేముడు సీపీఐ తరఫున రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. భద్రాచలంలో సీపీఎం నుంచి కుంజా బొజ్జి మూడుసార్లు, సున్నం రాజయ్య మూడుసార్లు గెలిచారు. డాక్టర్ మిడియం బాబూరావు 2004లో భద్రాచలం ఎంపీ అయ్యారు. చేతిలో పైసా లేకుండా సైకిల్ మీద, బస్సులో తిరిగిన ఎమ్మెల్యేల గురించి ఆ కొండల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2007లో జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై అత్యాచారం ఆరోపణ చేసినప్పుడు వాళ్ల పక్కన నిలబడినవాళ్లలో వామపక్ష, హక్కుల సంఘాలే ముందున్నాయి. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ బాధితులకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది.

2025 ఆరంభంలో పర్యాటకం కోసం 1/70లో మార్పులు కావాలన్నట్టు అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు మాట్లాడినప్పుడు ఏజెన్సీ బంద్‌కు పిలుపునిచ్చిన వాటిలో గిరిజన సంఘం ఉంది. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పాల్సి వచ్చింది.

మరి ఆరోపణ ఎక్కడ?

చరిత్రలో ఎవరి పేరు ఎలా మిగిలిందో చూస్తే మొదటి ఆనవాలు దొరుకుతుంది. శ్రీకాకుళం పోరాటం అనగానే సత్యం, కైలాసం, పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహి పేర్లు వస్తాయి. అందరూ కొండ కిందివాళ్లే. కోరన్న, మంగన్న పేర్లు వచ్చేది చనిపోయినవాళ్ల జాబితాలో. కొండవాడు ప్రాణం ఇస్తాడు, మైదానం మనిషి నాయకత్వం ఇస్తాడు. ఇది కమ్యూనిస్టులతో మొదలైంది కాదు. 1922 నాటి మన్యం తిరుగుబాటులో కూడా అల్లూరి సీతారామరాజు పేరు దేశమంతా తెలుసు. గాం గంటందొర పేరు సినిమా చూసినవాళ్లకు తెలుసు. ఆయన తమ్ముడు మల్లుదొర 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారన్న సంగతి తెలిసినవాళ్లు విశాఖలోనే తక్కువ.

పేరు మిగలకపోవడం ఒక సంగతి. పార్టీ లోపలే తక్కువ చేసి చూశారన్న ఆరోపణ ఇంకో సంగతి. ఆ రెండోదాన్ని తెలుగునాట అందరికంటే సూటిగా పెట్టిన మనిషి అడవిలో పుట్టినవాడు కాదు. కృష్ణా జిల్లా దళితుడు.

సత్యమూర్తి అడిగిన ప్రశ్న

కె.జి. సత్యమూర్తి. శివసాగర్ పేరుతో కవి. 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్ వార్ పార్టీని స్థాపించిన నేత. 1982లో సీతారామయ్య అరెస్టయ్యాక పార్టీని నడిపించింది ఆయనే. అంటే ఆయన బయటి విమర్శకుడు కాదు. పార్టీకి దాదాపు తండ్రి.

ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన కుటుంబ చరిత్రలో జరిగింది చెప్పారు. న్యూయార్క్ మెట్రో రైళ్లలో కండక్టర్‌గా పనిచేసిన రచయిత్రి ఆమె. ఆమె రాసిన ప్రకారం, అజ్ఞాతంలో ఉన్న దళంలోని దళిత యువకులు సత్యమూర్తి దగ్గరకు వచ్చి గోడు చెప్పుకున్నారు. దళంలో పనులు కులాన్ని బట్టి పంచుతున్నారని వాళ్ల ఫిర్యాదు. మంగలి కులం నుంచి వచ్చినవాడికి గడ్డాలు గీసే పని. చాకలి కులం వాడికి బట్టలు ఉతికే పని. దళితుడికి ఊడ్చే పని, పాయఖానా కడిగే పని. ఊళ్లో ఏం చేశారో విప్లవంలో కూడా అదే!

సత్యమూర్తి ఈ ఫిర్యాదును కేంద్ర నాయకత్వం ముందు పెట్టారు. ఫలితం.. పార్టీని చీల్చడానికి కుట్ర చేస్తున్నారంటూ ఆయన్నే బయటికి పంపేశారు. పార్టీ దృష్టిలో అది క్రమశిక్షణ సమస్య, చీలిక ప్రయత్నం. ఎవరి మాట ఎంత నిజమో తేల్చడానికి ఏ ఫైలూ లేదు, ఏ విచారణా లేదు. అజ్ఞాత పార్టీలో ఉండదు కూడా. అయినా ఒకటి మాత్రం కళ్లకు కడుతుంది. ఫిర్యాదు వచ్చిన తర్వాత చర్చ "దళంలో పనులు ఎలా పంచుతున్నారు?" అన్న దగ్గర ఆగలేదు. "సత్యమూర్తి ఉద్దేశం ఏంటి?" అన్న దగ్గరికి జారిపోయింది. 30 ఏళ్లకు పైగా గడిచాక లండన్‌లో ఈహెచ్‌ఆర్‌సీ వేధింపు అని పేరు పెట్టింది సరిగ్గా ఇలాంటి జారుడుకే.

ఆ తర్వాత సత్యమూర్తి దళిత ఉద్యమంలోకి వచ్చారు. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులపై ఊచకోత జరిగింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మరొకటి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు నిలబెట్టిన దళిత మహాసభ, వామపక్షాన్ని ఎదురుగా నిలబెట్టి అడిగింది.. వర్గం వర్గం అంటూ కులాన్ని ఎన్నాళ్లు దాటేస్తారు? సత్యమూర్తి కొంతకాలం బీఎస్పీలోనూ పనిచేశారు. 2012 ఏప్రిల్ 17న కన్నుమూశారు.

కమ్యూనిస్టుల సంప్రదాయ జవాబు అందరికీ తెలిసిందే. భూమి, కూలి, వర్గ సమస్య తేలితే కులం, తెగ సమస్య తనంతట తానే తేలిపోతుందని. ఈ జవాబుతో ఇబ్బంది ఏంటంటే, తేలేదాకా ఫిర్యాదు చేసినవాడు ఆగాలి. ఆగనంటే ఉద్యమ ద్రోహి.

చంపిందీ, చచ్చిందీ..

మన్యంలో ఇంకా చేదు ఆరోపణ మావోయిస్టులపై ఉంది. ఆదివాసీల కోసం పోరాడుతున్నామంటూ ఆదివాసీలనే చంపుతున్నారన్నది.

2018 సెప్టెంబర్ 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజన నేతలే. కిడారి 2014లో వైసీపీ నుంచి గెలిచి తర్వాత టీడీపీలో చేరారు. మైనింగ్ వ్యవహారాల్లో వాళ్ల పాత్ర ఉందన్నది మావోయిస్టుల ఆరోపణ. నిజమే అనుకున్నా, ఇద్దరు గిరిజనుల ప్రాణాలు తీసే తీర్పు ఇచ్చింది ఎవరు? ఆ రోజు కోపంతో జనం అరకు, డుంబ్రిగుడ పోలీస్ స్టేషన్లపై దాడి చేశారు. రక్షణ ఇవ్వలేదని పోలీసుల మీద కోపం.

అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబర్‌లో చింతపల్లి మండలం వీరవరంలో ఇంకో ఘటన. ఊరి మనిషిని చంపారన్న ఆగ్రహంతో గిరిజనులే మావోయిస్టులపై తిరగబడ్డారు. ఆ దాడిలో మావోయిస్టులు చనిపోయారు. ఇన్ఫార్మర్ అన్న ఒక్క మాటతో మనిషి ప్రాణం పోయే చోట, ఆ మాట తప్పని చెప్పడానికి అప్పీలు లేదు. ఎక్కడికి వెళ్తారు? పోలీసు దగ్గరకు వెళ్తే ఆ ముద్ర నిజమైనట్టే.

నాయకత్వం సంగతికొస్తే, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో పేరు మోగిన మావోయిస్టు నేతలు ఎక్కువగా మైదానం వాళ్లు. ఆర్కే అనే అక్కిరాజు హరగోపాల్‌ది పల్నాడు. 2025 జూన్‌లో అల్లూరి జిల్లా అడవుల్లో చనిపోయిన గాజర్ల రవిది వరంగల్ ప్రాంతం. 2025 మేలో చనిపోయిన పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట మనిషి. బస్తర్ ఆదివాసీల నుంచి కేంద్ర కమిటీ దాకా వెళ్లిన మడావి హిడ్మా పేరు అందుకే అంతగా చర్చకు వచ్చింది. దళాల్లో అత్యధికులు ఆదివాసీలైన ప్రాంతం నుంచి పైస్థాయికి చేరడం అంత అరుదు. 2025 నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎన్‌కౌంటర్‌లో హిడ్మా చనిపోయాడు.

కమిటీ గదిలో కుర్చీ ఎవరిది?

బయట పనిచేసే పార్టీలు ఈ విమర్శను కొంత విన్నాయి. ఆలస్యంగా. సీపీఎం 1964లో పుట్టింది. పొలిట్‌బ్యూరోలో తొలి దళితుడిగా బెంగాల్ నేత రామచంద్ర డోమ్‌కు చోటు దక్కింది 2022 ఏప్రిల్‌లో, కన్నూరు మహాసభలో. మధ్యలో 58 ఏళ్లు. 2025 మదురై మహాసభలో త్రిపుర గిరిజన నేత జితేంద్ర చౌధురి పొలిట్‌బ్యూరోలోకి వచ్చారు. సీపీఐకి 2019లో డి. రాజా ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ పదవిలో దళిత నేత అదే మొదలు.

తెలుగు రాష్ట్రాల్లో సీపీఎం 1990ల చివర్లో కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘాన్ని పెట్టింది. రెండు గ్లాసుల పద్ధతి, గుడి ప్రవేశం లాంటి వాటిపై ఆ సంఘం ఊరూరా పనిచేసింది. అదే సంఘంలో పనిచేసిన జాన్ వెస్లీ 2025 జనవరిలో తెలంగాణ సీపీఎం రాష్ట్ర కార్యదర్శి అయ్యారు. దళిత నేతకు ఆ కుర్చీ దక్కడాన్ని పార్టీ లోపల, బయట పెద్ద మార్పుగానే చూశారు.

ఆంధ్రాలో చూస్తే సీపీఎం రాష్ట్ర కార్యదర్శులుగా బీవీ రాఘవులు, పి. మధు, వి. శ్రీనివాసరావు వరుసగా పనిచేశారు. మన్యం నుంచి ఎవరూ లేరు. గిరిజన నేతలకు పార్టీ టికెట్ వచ్చేది ఎస్టీ రిజర్వ్‌డ్ సీట్లలో. అక్కడ ఎలాగూ ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. కాబట్టి టికెట్ లెక్క చూపి "మేం గిరిజనులకు ఇంత ఇచ్చాం" అంటే అది సగం జవాబే. అసలు పరీక్ష, రిజర్వేషన్ లేని చోట కుర్చీ ఎవరికి ఇచ్చారన్నది. ఈ లెక్కలో కాంగ్రెస్, టీడీపీ, వైసీపీ, బీజేపీల పరిస్థితి వామపక్షం కంటే మెరుగ్గా ఏమీ లేదు. తేడా ఒక్కటే.. వాళ్లు సమానత్వం మా సిద్ధాంతమని జెండా మీద రాసుకోలేదు.

ఓట్ల లెక్క కూడా గమనించాల్సిందే. 2009లో కొత్తగా ఏర్పడిన అరకు లోక్‌సభ స్థానంలో సీపీఎం తరఫున మిడియం బాబూరావు పోటీ చేసి కాంగ్రెస్ నేత కిశోర్ చంద్రదేవ్ చేతిలో ఓడారు. 2019లో అక్కడ గెలిచిన వైసీపీ ఎంపీ గొడ్డేటి మాధవి ఎవరో కాదు, సీపీఐ ఎమ్మెల్యే దేముడి కూతురే. 2024లో ఇండియా కూటమి తరఫున సీపీఎం అభ్యర్థి పాచిపెంట అప్పలనరసకు లక్షకు పైగా ఓట్లు వచ్చాయి. రాష్ట్రంలో వామపక్షం దాదాపు కనుమరుగైన రోజుల్లో అది చిన్న సంఖ్య కాదు. మన్యం ఎర్రజెండాను వదిలేయలేదు. అడుగుతోంది, అంతే.

ఆరోపణ ఎవరి చేతిలో?

వామపక్ష కార్యకర్తలు ఇక్కడ ఒక మాట అంటారు. ఆ మాటలో పస ఉంది. ఆదివాసీల బాధను పోలీసులు, ప్రభుత్వాలు తమ అవసరానికి వాడుకుంటాయని. దీనికి పక్క రాష్ట్రమే సాక్ష్యం. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మొదలైన సల్వా జుడుం, మావోయిస్టులపై ఆదివాసీల తిరుగుబాటుగా ప్రచారమైంది. మావోయిస్టుల మీద కొన్ని ఊళ్లలో నిజమైన కోపమే ఉంది. ఆ కోపానికి ప్రభుత్వం తుపాకులిచ్చింది. ఊళ్లు తగలబడ్డాయి, వేల మంది అడవి దాటి గోదావరి ఇవతలికి, ఖమ్మం జిల్లాలోకి వలస వచ్చేశారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా తుపాకీ ఇచ్చి పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది.

కాబట్టి "ఈ ఆరోపణ వెనుక ఎవరున్నారు?" అని అడగడం తప్పు కాదు. అది ఒక్కటే అడిగి, "ఆరోపణలో నిజం ఎంత?" అన్నది వదిలేస్తేనే చిక్కు. లేబర్ పార్టీలో కోర్బిన్ వర్గం చేసింది అదే. పీపుల్స్ వార్ నాయకత్వం సత్యమూర్తి విషయంలో చేసిందీ అదే. శత్రువు వాడుకుంటాడన్న భయంతో ఇంట్లోవాడి నోరు మూయిస్తే, చివరికి ఇంట్లోవాడు బయటికెళ్లి మాట్లాడతాడు. అప్పుడు శత్రువుకు పని ఇంకా సులువు.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

బ్రిటన్‌లో ఈహెచ్‌ఆర్‌సీ రిపోర్ట్ తర్వాత లేబర్ పార్టీ ఫిర్యాదుల పద్ధతి మార్చుకోక తప్పలేదు. నాయకుడి ఆఫీసు వేలు పెట్టకుండా, స్వతంత్రంగా పనిచేసే ఏర్పాటుకు 2021 మహాసభలో ఆమోదం తెలిపింది. 2023 ఫిబ్రవరిలో కమిషన్ తన పర్యవేక్షణ ముగించింది. పార్టీలో అందరూ సంతృప్తిగా ఉన్నారని కాదు. కనీసం ఫైలు ఎక్కడుందో అందరికీ తెలుసు.

ఇక్కడ ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉంది. కులం పేరుతో తిట్టినా, కొట్టినా ఆ వ్యక్తి మీద కేసు పెట్టొచ్చు. పార్టీ నేత అయినా సరే. రాజ్యాంగం 338ఏ కింద జాతీయ ఎస్టీ కమిషన్ ఉంది, సాక్షులను పిలిపించే అధికారం ఉంది. కానీ కమిటీలో ఎప్పుడూ వెనక బెంచీయే, మాట్లాడితే "వర్గ దృక్పథం లేదు" అన్న ముద్ర.. ఇలాంటివి ఏ సెక్షన్ కిందికి వస్తాయి? పార్టీ లోపలి ఫిర్యాదుల ఫైళ్లు తెప్పించుకుని, చట్టం ఉల్లంఘించారని రిపోర్ట్ ఇచ్చే ఈహెచ్‌ఆర్‌సీ లాంటి సంస్థ మన దగ్గర లేదు.

మహిళల విషయంలో కూడా ఇదే పరిస్థితి. రాజకీయ పార్టీల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీలు తప్పనిసరి చేయాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. పార్టీ అంటే ఉద్యోగమిచ్చే సంస్థ కాదన్న కేరళ హైకోర్టు 2022 తీర్పు అలాగే నిలిచింది.

సీపీఎం, సీపీఐలకు సొంత ఏర్పాటు ఉంది. కంట్రోల్ కమిషన్ అంటారు. క్రమశిక్షణ చర్యలపై అప్పీళ్లు అక్కడికి వెళ్తాయి. సభ్యులుగా ఉండేది పార్టీ సీనియర్లే, వాళ్లను ఎన్నుకునేది పార్టీ మహాసభే. అరకు కొండ మీది సభ్యుడు తన పార్టీ గురించి ఫిర్యాదు ఇవ్వాలంటే, ఇవ్వాల్సింది మళ్లీ ఆ పార్టీకే.